డెబ్భై మలుపులా, పద్నాలుగా? బెంగళూరు నుంచి వారాంతపు బైకు ప్రయాణానికి ఐదు కొండదారులు

దసరా దగ్గర పడిందంటే మా ఆఫీసు క్యాంటీన్‌లో ఏటా ఇదే గొడవ. ఒకడు తమిళనాడులోని కొల్లి కొండల డెబ్భై మలుపుల వీడియో చూపిస్తాడు. ఇంకొకడు పడమర కనుమల్లోని సకలేశపుర వెళ్ళనివాడికి బండెందుకు అంటాడు. మూడోవాడికి ఆరు నెలల కిందటే లైసెన్సు వచ్చింది, ఇద్దరి మాటా విని తల ఊపుతుంటాడు. చివరికి ఎవరి గొంతు పెద్దదైతే అటే పోతారు. ఆదివారం రాత్రి పదకొండింటికి తడిసి ముద్దై సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ‘అసలిటు ఎందుకొచ్చాంరా’ అనుకుంటారు.

ఈ ఐదు దారుల్లోనూ నేను తిరిగాను. కొన్నిట్లో తడిశాను, ఒకదాంట్లో పడ్డాను. మలుపుల లెక్క అన్నిటికన్నా చివర చూడాల్సిన సంగతని నాకు అర్థమైంది. అంతకంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి: ఏ నెలలో బయల్దేరుతున్నారు, మీ ఇల్లు బెంగళూరులో ఏ మూలన ఉంది, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు. ఈ మూడింటికీ జవాబు తెలిస్తే దారి దానంతటదే తేలుతుంది.

## ముందు ఆకాశం సంగతి

పుస్తకాల్లో శరత్తంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు, తెల్లమబ్బులు, పిండారబోసిన వెన్నెల. బెంగళూరులో అవి రెయిన్‌కోటు నెలలు. ఒక చుట్టం సంచి సర్దుకుంటుండగానే ఇంకో చుట్టం గుమ్మంలో దిగినట్టు, నైరుతి పూర్తిగా పోకముందే ఈశాన్యం వస్తుంది. నైరుతి రుతుపవనాలు అక్టోబరు సగానికి కర్ణాటక నుంచి వెనక్కి తగ్గుతాయి. మామూలు సంవత్సరాల్లో అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు తమిళనాడులో మొదలవుతాయి.

బైకు మీద పోయేవాడికి దీని అర్థం సులభం. అక్టోబరు మొదటి రెండు వారాల్లో పడమర కనుమలు ఇంకా తడిగా, పాచిపట్టి, జలగలతో ఉంటాయి. ఆ రోజుల్లో తూర్పుకో దక్షిణానికో పోండి. నవంబరు వచ్చేసరికి ఇదంతా తలకిందులవుతుంది. తమిళనాడు కొండల మీద వాన, బంగాళాఖాతంలో వాయుగుండం, సకలేశపుర వైపు మాత్రం కడిగి ఆరబెట్టినట్టు ఉండే ఆకుపచ్చ. ఒక మినహాయింపు చెప్పాలి. సేలం చుట్టుపక్కల సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో వాన రావడం మామూలే. కాబట్టి పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నంలోపు మెలికల దారి ముగించేయాలి.

## ఇల్లు ఏ మూల, వెనక ఎవరు

దూరం కిలోమీటర్లలో కొలిస్తే సరిపోదు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉండే మనిషి ఉదయం ఐదింటికి బయల్దేరితే ముక్కాలు గంటలో హోసూరు దాటేస్తాడు. అదే మనిషి సకలేశపుర వెళ్ళాలంటే ముందు ఊరంతా అడ్డంగా దాటి నెలమంగల చేరాలి. వెళ్ళేటప్పుడు చీకట్లో ఇది తెలియదు. ఆదివారం సాయంత్రం తెలుస్తుంది. వారాంతపు ప్రయాణం పాడయ్యేది ఎక్కువగా ఆఖరి ముప్పై కిలోమీటర్లలోనే: హోసూరు రోడ్డయితే అత్తిబెలె నుంచి, తుమకూరు రోడ్డయితే నెలమంగల నుంచి, పాత మద్రాసు రోడ్డయితే హోసకోట నుంచి. రెండు రోజులు మలుపులు తిరిగిన మణికట్టుతో ఆ ట్రాఫిక్‌లో క్లచ్ పట్టడం ఎంత నరకమో పట్టినవాళ్ళకే తెలుసు. అందుకే మీ ఇంటి వైపున ఉన్న కొండనే ఎంచుకోమంటాను.

ఇక వెనక సీటు. వెనక కూర్చున్న మనిషికి రోడ్డు కనిపించదు, మలుపు ముందుగా తెలియదు. మీరు బండిని వంచుతుంటే వాళ్ళు భయంతో ఎదురు వైపు వాలితే బండి వెడల్పుగా పోయి ఎదుటి వరుసలోకి దూరుతుంది. అందుకే కొత్తగా వెనక కూర్చునేవాళ్ళను మొదటిసారే డెబ్భై మలుపులకు తీసుకెళ్ళకండి. ‘నా భుజం వెనక నుంచి మలుపు లోపలి వైపుకు చూడు, అంతే’ అని చెప్పి ఒకసారి నంది కొండ ఎక్కించి చూడండి. తల తిరిగే రకమా కాదా అక్కడే తేలిపోతుంది. వెనకవారికి కూడా హెల్మెట్ ఉండాల్సిందే. కర్ణాటకలో 2016 నుంచి అది చట్టం. పెళ్ళాం పిల్లల సంగతికి చట్టం కూడా అక్కర్లేదనుకోండి.

## ఒక్క చూపులో

దూరాలు నగరం నడిబొడ్డు నుంచి, ఒక వైపుకు, సుమారుగా చెప్పినవి. హెయిర్‌పిన్ అంటే జడపిన్నులా పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు.

| దారి | దూరం | హెయిర్‌పిన్ మలుపులు | మంచి రోజులు | ఏ వైపు వాళ్ళకు దగ్గర | వెనక మనిషితో |
|---|---|---|---|---|---|
| హార్స్‌లీ కొండ | 150 కి.మీ. | కొద్దిగా | అక్టోబరు–డిసెంబరు, తుపాను లేనప్పుడు | కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి | హాయిగా |
| యలగిరి | 160 కి.మీ. | 14 | అక్టోబరు మొదటి సగం, డిసెంబరు చివర | ఎలక్ట్రానిక్ సిటీ, హెచ్.ఎస్.ఆర్. | హాయిగా |
| ఏర్కాడు | 230 కి.మీ. | 20 | అక్టోబరు మొదటి సగం | హోసూరు రోడ్డు వైపు | పరవాలేదు |
| కొల్లి కొండలు | 280 కి.మీ. | 70 | అక్టోబరు మొదట్లో, లేదా జనవరి | హోసూరు రోడ్డు వైపు | అలవాటుంటేనే |
| సకలేశపుర, బిస్లె | 220, బిస్లె మీదుగా కుక్కె దాకా మరో 70–80 | ఎవరూ లెక్కపెట్టరు | నవంబరు సగం నుంచి | యశవంతపుర, పీణ్య | ఓపికుంటే |

## హార్స్‌లీ కొండ: మన వైపు దారి

నేను పక్షపాతినని ముందే ఒప్పుకుంటాను. హోసకోట దాటి, చింతామణి దాటి, షాపుల బోర్డుల మీద కన్నడం మెల్లగా తెలుగు అవుతుంటే లోపల ఏదో సడలుతుంది. మదనపల్లెలో బండి ఆపి ‘అన్నా, రెండు టీలు’ అన్నాక ఇక ఆ ప్రయాణానికి వేరే కారణం వెతకను.

దారిగా చూస్తే ఇది ఐదింటిలో అన్నిటికంటే మెత్తనిది. చింతామణి నుంచి మదనపల్లె దాకా గుండ్రాళ్ళ గుట్టలు, చింతచెట్లు, మామిడి తోటలు. ఆ మధ్య వచ్చేవి పెద్ద వంపులు, యాభై–అరవై వేగంలో లయగా తిరగొచ్చు. అసలు కొండెక్కే దారి మాత్రం చిన్నది, పది కిలోమీటర్లు కూడా ఉండదు, ఇరుకు. కొండ ఎత్తు 1,260 మీటర్ల పైమాటే. పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర వేసవికని ఇల్లు కట్టుకున్నాక పేరు మారింది. మల్లమ్మను ఏనుగులు సాకాయని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. పైన గాలిబండ మీద సాయంత్రం నిలబడితే హెల్మెట్ తీసి చేతిలో పట్టుకోవాల్సిందే, బండ మీద పెడితే దొర్లిపోతుంది.

పైన రాత్రికి ఆంధ్రా టూరిజం వాళ్ళ హరిత ఉంది, సెలవుల్లో ముందే నిండిపోతుంది. దొరక్కపోతే మదనపల్లెలో దిగి పొద్దున్నే ఎక్కండి. మదనపల్లె కూడా ఊరికే దాటిపోయే ఊరు కాదు. జనగణమనకు రవీంద్రుడు ఇంగ్లీషు అనువాదం చేసింది 1919లో ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలోనే. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిందీ ఈ ఊళ్ళోనే, ఆయన రిషి వ్యాలీ స్కూలు ఇక్కడికి దగ్గరే.

తిరుగు ప్రయాణం వచ్చిన దారినే చేయకండి. మదనపల్లె నుంచి పుంగనూరు, అక్కణ్ణుంచి ములబాగిలు మీదుగా కోలారు చేరే చుట్టుదారి ఉంది. చిన్న రోడ్డు, ట్రాఫిక్ తక్కువ, అదృష్టం బాగుంటే నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవులు కనిపిస్తాయి. ములబాగిలులో నెయ్యి కారే దోసె తిని హైవే ఎక్కితే ఆ ట్రాఫిక్ కూడా కాస్త తేలికవుతుంది.

లోపం ఏమిటంటే, మలుపుల కోసమే పోయేవాడికి ఇక్కడ కడుపు నిండదు. రోజుకు ముప్పై హెయిర్‌పిన్లు కావాలనుకునే మనిషి గంటలో కొండెక్కి ‘అంతేనా?’ అంటాడు. ఇంకొకటి, ఆంధ్రలో పెట్రోలు కర్ణాటక కన్నా ఖరీదు. చింతామణిలోనే ట్యాంకు నింపేయండి.

## యలగిరి: మొదటిసారికి

లైసెన్సు కొత్తగా వచ్చిన మూడోవాడికి నేను చెప్పింది ఇదే. హోసూరు, కృష్ణగిరి దాకా నాలుగు వరుసల హైవే, వాణియంబాడి వైపు కాసేపు, తర్వాత పద్నాలుగు మలుపులు. ఒక్కో మలుపుకు ఒక తమిళ కవి పేరో రాజు పేరో పెట్టారు. ఆ బోర్డులు చదువుతూ వెళ్ళేంత నెమ్మదిగా వెళ్తే ఏ ప్రమాదమూ ఉండదు. రోడ్డు వెడల్పుగా ఉంటుంది, దూరం చిన్నది. పద్నాలుగో మలుపు దగ్గర తప్పు తెలిస్తే కిందికి దిగి మళ్ళీ ఎక్కి సరిదిద్దుకోవచ్చు. మా వాడు మూడుసార్లు ఎక్కి దిగాడు. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

కొండ పైన చూడటానికి పెద్దగా ఏమీ లేదు. చెరువు, పార్కు, బోలెడు రిసార్టులు. ఆ చెరువు పేరు కూడా పుంగనూరే. అది చూసి మా చిత్తూరు మిత్రుడొకడు ఫొటో తీసి ఇంటికి పంపాడు. అసలు రుచి దిగాక ఉంది. హైవే మీద మరో ఇరవై కిలోమీటర్లు పోతే ఆంబూరు. జీరగ సాంబ బియ్యంతో చేసే బిరియానీ, పక్కన పుల్లటి వంకాయ కూర. హైదరాబాదు బిరియానీతో పోల్చి గొడవపడకుండా తినగలిగితే తినండి.

రెండో రోజు ఖాళీగా ఉంటే వాణియంబాడి నుంచి జవ్వాది కొండల్లోని కావలూరు దాకా వెళ్ళండి. యలగిరి కన్నా ఆ దారే నాకు నచ్చుతుంది. బస్సులు తక్కువ, అడవి మధ్య ఎడతెగని మెలికలు. చివర వేణు బప్పు ఖగోళ పరిశోధనాలయం వస్తుంది. అందులోని 2.3 మీటర్ల దూరదర్శిని 1986లో పని మొదలుపెట్టింది. ఖగోళ శాస్త్రవేత్త బప్పు కాలేజీ చదువు సాగింది హైదరాబాదులో, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు.

## ఏర్కాడు: మధ్యేమార్గం

రెండు రోజుల్లో కొండ, కాఫీ తోట, చలి, చెప్పుకోదగ్గ మలుపులు అన్నీ కావాలంటే ఇది. సేలం వైపు నుంచి ఎక్కే దారిలో ఇరవై హెయిర్‌పిన్లు. ‘కొండై ఊసి వళైవు’ అని తమిళంలో రాసిన బోర్డు మీద ఎన్నో మలుపో అంకె కూడా ఉంటుంది. కొండ మీద ఊరు దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. నవంబరు రాత్రుల్లో జాకెట్టు తీయబుద్ధి కాదు.

చాలామంది ఎక్కి, చెరువు దగ్గర మొక్కజొన్న కంకి తిని, అదే దారిన దిగిపోతారు. అలా చేయకండి. ఊరి చుట్టూ కాఫీ, మిరియాల తోటల మధ్య ముప్పై కిలోమీటర్ల పైచిలుకు లూప్ రోడ్డు ఉంది. ఈ ప్రయాణానికి ప్రాణం అదే. పొద్దున ఏడింటికి పొగమంచులో ఆ చుట్టు తిరిగి, కుప్పనూరు వైపు దారిన దిగితే ఎక్కిన దారి, దిగిన దారి వేరవుతాయి. సేలంలో తట్టువడై సెట్టు తినకుండా రాకండి.

ఇక్కడ ఎక్కువ భయపడాల్సింది ఏర్కాడు కొండకు కాదు, హైవే మీద ధర్మపురి, సేలం మధ్య వచ్చే తొప్పూరు కనుమకు. దిగుడులో బ్రేకులు వేడెక్కిన లారీలు అదుపు తప్పడం అక్కడ కొత్తేమీ కాదు. లారీ వెనకా ఉండకండి, రెండు లారీల మధ్యా ఉండకండి. ఎడమ పక్కన ఖాళీ చూసుకుని నెమ్మదిగా దిగండి.

నవంబరు, డిసెంబరుల్లో ఏర్కాడు వద్దనడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను వానలకు సేలం–ఏర్కాడు ఘాట్ రోడ్డు మీద కొండచరియలు జారి రాకపోకలు ఆగిపోయాయి.

## కొల్లి కొండలు: సరదాకి కాదు

నామక్కల్ జిల్లాలో కారవళ్ళి నుంచి మొదలై డెబ్భై మలుపులు. ఒక్కో వంపు దగ్గర అంకె రాసి ఉంటుంది. పదిహేను దాకా ఉత్సాహం, ముప్పై దగ్గర మౌనం, యాభై దాటాక మీరు మలుపు గురించి ఆలోచించరు. చేయి, కాలు, చూపు వాటంతటవే పని చేస్తుంటాయి. ఆ స్థితి కోసమే జనం ఇంత దూరం వస్తారు. రోడ్డు బాగుంటుంది, వేరే చోట్లతో పోలిస్తే పర్యాటకుల కార్లు తక్కువ.

మా బావమరిదిని, అంటే చెల్లెలి మొగుణ్ణి, నమ్మించి ఒకసారి తీసుకెళ్ళాను. వాడు స్కూటరు మీద వచ్చాడు. ఎక్కడం బానే ఎక్కింది. దిగేటప్పుడు ముప్పై మలుపులు దిగామో లేదో కాలిన వాసన. వాడు బ్రేకు నొక్కితే లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, బండి ఆగడం లేదు. గేర్ల బండికైతే రెండో గేరులో ఇంజనే సగం బ్రేకు వేస్తుంది. గేర్లు లేని స్కూటరుకు ఆ సాయం చాలా తక్కువ, భారమంతా బ్రేకుల మీదే. ఒక గోడ పక్కన ఆపి ముప్పావుగంట కూర్చున్నాం. ఆ ముప్పావుగంటలో వాడు మా చెల్లెలి గురించి ఒక్క మంచి మాట కూడా చెప్పలేదు. అప్పటి నుంచి నా నియమం: కొల్లికి స్కూటరు వద్దు. ఏ బండైనా ఎక్కిన గేరులోనే దిగాలి. పది మలుపులకొకసారి ఆగి డిస్కు చల్లారనివ్వాలి.

ఇంకో రెండు సంగతులు. పైన పంపుల మీద భరోసా పెట్టుకోకుండా కింద సేందమంగళంలోనో నామక్కల్‌లోనో ట్యాంకు నింపుకోండి. ఆగాయ గంగై జలపాతం చూడాలంటే వెయ్యికి పైగా మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. డెబ్భై మలుపులు తిరిగిన రోజే ఆ మెట్లు దిగితే మర్నాడు కాళ్ళు గేరు మార్చవు. మొదటి రోజు సేలంలో పడుకోండి, రెండో రోజు తెల్లారి కొండెక్కండి. జలపాతమంటే మనసైతే మూడో రోజు సెలవు పెట్టండి. శనివారం వెళ్ళి ఆదివారం వచ్చేయడమంటే 560 కిలోమీటర్లు, దాని పైన కొండ. ఇరవైల్లో ఉన్నవాళ్ళు చేస్తారు. నేనూ చేశాను. ఇప్పుడు చేయను.

## సకలేశపుర, బిస్లె: నవంబరు పండగ

నవంబరు సగం దాటాక ఒక్క దారే ఎంచుకోమంటే నేను ఇదే అంటాను. హాసన మీదుగా సకలేశపుర దాకా హైవే, విసుగు. ఊరు దాటగానే మంజరాబాద్ కోట ఉంది, టిప్పు 1792లో ఎనిమిది మూలల నక్షత్రంలా కట్టించింది. కాళ్ళు చాచుకోవడానికి ఆగే చోటు అదే. తర్వాత హైవే వదిలి బిస్లె వైపు తిరిగితే లోకం మారిపోతుంది. తోటలు, తర్వాత దట్టమైన అడవి, ఆకుల మధ్య నుంచి పడే ఎండచారలు. ఇక్కడ హెయిర్‌పిన్ల లెక్క ఎవరూ పెట్టరు, ఎందుకంటే తిన్నటి దారే లేదు. బిస్లె చూపుచోటు దగ్గర నిలబడితే ఎదురుగా కుమారపర్వత కొండల వరుస. అక్కణ్ణుంచి కుక్కె సుబ్రహ్మణ్యకు దిగుడు. దర్శనం చేసుకుని అక్కడే పడుకోవచ్చు.

తిరిగి రావడానికి శిరాడి కనుమ ఉంది గానీ, మంగళూరు నుంచి వచ్చే ట్యాంకర్ల వెనక పొగ పీల్చుకుంటూ ఎక్కాలి. నేనైతే వచ్చిన బిస్లె దారినే మళ్ళీ ఎక్కుతాను. ఎదురు దిశలో అదే రోడ్డు కొత్త రోడ్డులా ఉంటుంది.

ఈ దారిలో కష్టాలు చిన్నవి, కానీ చాలా. మైళ్ళ తరబడి ఫోను సిగ్నలు ఉండదు. చెట్ల నీడలో పాచి పట్టిన మలుపులు ఎండిన రోజు కూడా జారుతాయి. సకలేశపుర, ఆలూరు ప్రాంతంలో ఏనుగులు తోటల్లోకి వస్తుంటాయి, చీకటి పడ్డాక, తెల్లారకముందు అక్కడ తిరగొద్దు. పంక్చరైతే దగ్గర్లో షాపుండదు. ట్యూబ్‌లెస్ టైర్లున్నవాళ్ళు పంక్చరు కిట్టూ చిన్న గాలిపంపూ పెట్టుకోవాలి. స్పోకుల చక్రాల పాత బుల్లెట్ అయితే అదనపు ట్యూబు, అది మార్చగలిగే స్నేహితుడు ఉండాలి. ఒక్కరే వెళ్ళే దారి కాదు.

## జాబితాలో కొన్ని పేర్లు ఎందుకు లేవంటే

ఊటీ అడుగుతారు. 2024 మే నుంచి నీలగిరికి ఈ-పాసు కావాలి. దారిలో వచ్చే బండిపుర అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రోడ్డు మూస్తారు. మసినగుడి నుంచి ముప్పై ఆరు మలుపుల కల్హట్టి దారిన ఎక్కొచ్చు గానీ బయటి బండ్లను దిగనివ్వరు. రెండు రోజుల్లో ఇన్ని గేట్ల మధ్య పరిగెత్తడం నాకు సెలవులా అనిపించదు. ముళ్ళయ్యనగిరి అందమైనదే, కర్ణాటకలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం. కానీ సెలవు రోజున ఆ ఇరుకు దారిలో కార్ల వరుస వెనక మొదటి గేరులో ఎక్కడానికి అంత దూరం పోవాలా? సోమవారం వెళ్ళగలిగితే వెళ్ళండి. మైసూరు వైపు వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: 2023 ఆగస్టు నుంచి ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన దారి మీద బైకులకు అనుమతి లేదు, సర్వీసు రోడ్డే గతి.

## ఈ కాలంలోనే వచ్చే జారుళ్ళు

ఆయుధపూజ మర్నాడు బెంగళూరు వదిలేవాళ్ళకు మొదటి గండం ఇంటి ముందే. ప్రతి షాపు ముందూ పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ, కుంకుమ, నీళ్ళు. సిగ్నలు దగ్గర ముందు బ్రేకు కొట్టారా, అంతే. ఊరు దాటేదాకా సైకిలు తొక్కినట్టు తొక్కండి.

రెండోది కోతల కాలం. నవంబరు, డిసెంబరు వచ్చిందంటే కోలారు, చింతామణి వైపు పల్లెల్లో రాగి కంకుల్ని రోడ్డు మీద పరుస్తారు, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఉలవ తీగలూ అంతే. కారుకు పరవాలేదు. రెండు చక్రాలకు అది నూనె రాసిన నేల, పైగా తీగ చెయిన్‌కు చుట్టుకుంటుంది. నేను పడింది అక్కడే. హార్స్‌లీ నుంచి వస్తూ, మలుపు తిరగ్గానే ఎదురుగా ఉలవ కుప్ప. కంగారులో బ్రేకు వేశాను. వేయకుండా ఉంటే దాటేసేవాణ్ణి. మోకాలు చర్మం ఊడింది, అద్దం విరిగింది. కుప్ప యజమాని అజ్జి చెంబుతో నీళ్ళిచ్చి, కన్నడంలో తిట్టి, తెలుగులో జాగ్రత్త చెప్పి పంపింది. కంకులు కనిపిస్తే ముందే వేగం తగ్గించండి, వాటి మీదికి వెళ్ళాక బ్రేకూ వద్దు, వంపూ వద్దు, నిటారుగా దాటండి.

ఘాట్ మీద రెండే సూత్రాలు. ఇరుకు చోట ఎక్కేవాళ్ళకు దారివ్వాలి. పై నుంచి బస్సు దిగుతుంటే వంపులోకి దూరకుండా కింద ఆగిపోవాలి, తిరగడానికి దానికి రోడ్డంతా కావాలి. ఇక్కడ ఎవరి హక్కని చూడొద్దు, బస్సుకు ఎంత చోటు కావాలో చూడండి.

## సరే, ఎవరు ఎటు

బండి కొత్త, చేయి కొత్త అయితే యలగిరి. ఒంటరిగా కాదు, వెనక ఒక అనుభవస్థుడి బండి ఉంచుకుని. కొత్తగా పెళ్ళయి, ఆవిడకు బైకంటే ఇంకా అపనమ్మకంగా ఉంటే హార్స్‌లీ. వంపులు మెత్తన, భోజనం మనది, రెండు గంటలకొకసారి టీ. నడుం నొప్పున్నవాళ్ళకూ ఇదే.

నలుగురైదుగురు కలిసి వెళ్తుంటే గుంపులో అందరికన్నా బలహీనమైన చేతిని బట్టి దారి ఎంచండి, వాణ్ణి ముందు నుంచి రెండో స్థానంలో పెట్టండి. ఆఖర్న పెడితే అందుకోవాలనే తొందరలో తప్పు చేస్తాడు. అలాంటి గుంపుకు అక్టోబరు మొదట్లో ఏర్కాడు సరిపోతుంది. బాగా నడిపేవాళ్ళు లూప్ రోడ్డు రెండుసార్లు తిరుగుతారు, మిగతావాళ్ళు కాఫీ తాగుతారు.

అయిదేళ్ళు గేరు బండి నడిపి, బ్రేకు ప్యాడ్లు ఈ మధ్యే మార్చి, మూడు రోజుల సెలవు ఉంటే కొల్లి. మూడిట్లో ఒకటి లేకపోయినా వాయిదా వేయండి. నవంబరు చివర్లో ఖాళీ దొరికి, ఇద్దరు ముగ్గురు నమ్మకమైన స్నేహితులుంటే బిస్లె. 350 సీసీ బండి లీటరుకు ముప్పై పైచిలుకు ఇస్తుంది, ట్యాంకు పదమూడు లీటర్లు. సకలేశపురలో మళ్ళీ నింపితే వెళ్ళిరావడానికి సరిపోతుంది.

వాతావరణం మాత్రం బయల్దేరే ముందు రోజు రాత్రి మళ్ళీ చూడండి. బంగాళాఖాతంలో వాయుగుండమని వార్త వస్తే తూర్పు, దక్షిణ దారులన్నీ, హార్స్‌లీతో సహా, పక్కన పెట్టండి. పోయినేడు అలాంటి శుక్రవారం రాత్రే మేం నలుగురం సంచులు కట్టుకుని కూర్చుని ఏర్కాడు బుకింగు రద్దు చేశాం. డబ్బు వెనక్కి రాలేదు. తెల్లారి హాసన దాటేసరికి ఎండ కాసింది, మధ్యాహ్నం బిస్లె దారిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని అక్కి రొట్టె తింటుంటే సేలం స్నేహితుడు ఫోనులో తన వీధి ఫొటో పంపాడు. మోకాలిలోతు నీళ్ళు.